మాత్ర మానిన ఇంటికి రాగి మళ్లీ వస్తుంది

అందరికీ నమస్కారం. విల్సన్ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "డాక్టర్ గారూ, బాబు బాగానే ఉన్నాడు కదా, మాత్రలు ఇంకెన్నాళ్లు?" జీవితాంతం అని చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. అయినా చెప్పక తప్పదు.

మనం తినే తిండిలో కాస్త రాగి ఉంటుంది. రాగి సంకటి మానేయాలా అని కొందరు కంగారు పడతారు. పేరొక్కటే, ఆ రాగులు వేరు, ఈ లోహం వేరు. ఎక్కువైన రాగిని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఆ పని చేయించే ఏటీపీ7బీ జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా చెడిపోయి వస్తే, రాగి కాలేయంలో పేరుకుని మెదడు దాకా పోతుంది. అదే విల్సన్ జబ్బు. ఒకరికి కామెర్లతో మొదలవుతుంది. ఇంకొకరికి చేతిరాత చెడుతుంది, మాట ముద్దగా వస్తుంది.

1956లో బ్రిటిష్ డాక్టర్ జాన్ వాల్ష్, ఒంట్లోని రాగిని మూత్రంలోకి పంపేసే పెనిసిలమిన్ వాడకం మొదలుపెట్టేదాకా దీనికి నోటితో వేసుకునే సరైన మందే లేదు. దాన్ని పరగడుపున, తిండికి గంట ముందు వేయాలి, తోడుగా బి6 మాత్ర. మొదట్లో కొందరికి వణుకు పెరుగుతుంది. అప్పుడు మీ అంతట మీరు మందు ఆపకండి, వెంటనే మాకు ఫోన్ చేయండి.

ఇక రోజుకి మూత్రంలో ఎంత రాగి పోతోందో చూసే 24 గంటల మూత్ర పరీక్ష. సెలవు రోజు చూసుకోండి. పొద్దున లేవగానే వచ్చే మూత్రం పారబోసి టైం రాసుకోండి. ఆ తర్వాత ప్రతి చుక్కా ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలోకే, మర్నాడు అదే టైముకు వచ్చేది కూడా. ఒక్కసారి బాత్రూంలో పోసేసినా ఆ లెక్క పనికిరాదు. పోసేశామని చెప్పండి, ఎవరూ కోప్పడరు, ఇంకో రోజు పడదాం. పెనిసిలమిన్ మీద నిలకడగా ఉన్నవాళ్లకి రోజుకి 200 నుంచి 500 మైక్రోగ్రాముల రాగి రావాలి. జింక్ మాత్రలు తిండిలోని రాగిని పేగులోనే ఆపుతాయి, అవి వాడేవాళ్లకి 100 లోపు ఉండాలి. పెనిసిలమిన్ వాడే పిల్లవాడికి మూత్రంలో రాగి బాగా తగ్గిందంటే సంతోషపడకండి: మందు ఎక్కువైనా అయుండాలి, పిల్లవాడు మాత్రలు మానేసైనా ఉండాలి. కాలేజీ హాస్టల్‌కి వెళ్లిన పిల్లలతోనే నాకు ఎక్కువ టెన్షన్. ఒంట్లో బాగుందని మానేస్తారు, నెలల తర్వాత కాలేయం పాడై వస్తారు. ఆడపిల్లలు గర్భంతో ఉన్నా మందు ఆపకూడదు, డోసు మేం చూసుకుంటాం.

రాగి చెంబులో నీళ్లు మంచివంటారు. ఈ పిల్లలకు మాత్రం వద్దు.

ఇంకొక్క మాట. ఒక బిడ్డకి ఈ జబ్బు ఉంటే, తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. ఏ లక్షణమూ లేకపోయినా ఈసారి వచ్చేటప్పుడు వాళ్లనీ తీసుకురండి.