ఇంజన్ రేకులకు ఏ పౌడర్ వేయించాలి? – ఫోన్-ఇన్

యాంకర్: తెనాలి నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి, వింటున్నాం.

శ్రోత: నమస్కారమండీ. మా నాన్నగారి అల్విన్ పుష్పక్ స్కూటర్ బాగుచేయిస్తున్నా సార్. ఫ్యాన్ గాలిని సిలిండర్ మీదకి తోలే రేకు కవర్లు తుప్పుపట్టాయి. పౌడర్ కోటింగ్, అదే పొడి రంగు చల్లి ఓవెన్లో కాల్చే పూత, వేయిద్దామని వెళితే ఒకాయన ఎపాక్సీ పౌడర్ అన్నాడు, ఇంకొకాయన పాలిస్టర్ పౌడర్ అన్నాడు. మూడో షాపులో, ఇంజన్ కదా, హై టెంపరేచర్ సిలికాన్ పౌడరే వేయాలని బాగా ఎక్కువ రేటు చెప్పాడు.

నిపుణుడు: హైదరాబాద్ బండి! ఇటలీ లాంబ్రెట్టా స్కూటర్ వంశం. ఆ సిలికాన్ పౌడర్ సైలెన్సర్‌కండీ, మీ రేకుకు దండగ. లోపల గాలి ఆడుతూనే ఉంటుంది కదా. మామూలు పౌడరే ఓవెన్లో 180 నుంచి 200 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. బండి నడిచేటప్పుడు ఆ రేకు అంత కాలదు. సైడ్ ప్యానెల్స్ బిగించే నడుపుతారా?

శ్రోత: లేదండీ, ఇంజన్ కనబడాలని మా అబ్బాయి తీసేయమంటున్నాడు.

నిపుణుడు: అయితే పైన పాలిస్టరే. ఎపాక్సీ ఆయిల్‌కీ తుప్పుకీ గట్టిదే గానీ, ఎండ తగిలితే తెల్లబారి పొడి రాలుతుంది. అందుకే కింద జింక్ కలిసిన ఎపాక్సీ ప్రైమర్, పైన పాలిస్టర్ వేయించండి. ఒక్కో పూత 60–80 మైక్రాన్లు చాలు. మందంగా వేస్తే రేకులు ఒకదాన్లో ఒకటి కూర్చునే చోట బిగుసుకుపోతాయి.

శ్రోత: సొట్టలకి పుట్టీ పెట్టించేశానండీ మరి.

నిపుణుడు: అయ్యో, గీకించేయండి. మామూలు బాడీ పుట్టీ ఓవెన్ వేడికి ఉబ్బుతుంది. పైగా పౌడర్ రేకుకు అంటుకునేది కరెంటు చార్జితోనే; పుట్టీలో కరెంటు పారదు, అక్కడ పౌడర్ సరిగా పట్టదు. సొట్ట సుత్తితోనే తీయించండి, చిల్లుంటే గ్యాస్ వెల్డింగ్ పెట్టించి ఫైలు పట్టించండి. అసలు తంటా రేకు మడతల్లో ఉంది. ఏళ్ల తరబడి ఆయిల్ అక్కడ దాక్కుని ఉంటుంది. పైకి తళతళలాడేలా కడిగినా, ఓవెన్లో పెట్టగానే మడతలోంచి కారి పౌడర్ మీద బుడగలు లేపుతుంది. అందుకే పౌడర్ కొట్టకముందు ఉత్త రేకునే ఓసారి ఓవెన్లో కాల్చమనండి. కారినది తుడిచేశాక బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో రవ్వ కొట్టి తుప్పు వదిలించడం; తర్వాత ఫాస్ఫేటింగ్, అంటే పూత బాగా పట్టేలా రేకుకు ఫాస్ఫేట్ మందు పట్టించడం. బ్లాస్టింగ్‌కి సన్న ఇసుక లాంటి రవ్వ, తక్కువ ప్రెషర్ ఉండాలి. పల్చటి రేకు, ఫుల్ ప్రెషర్ కొడితే వంకర పోతుంది. ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, వేలిముద్రలో కూడా జిడ్డుంటుంది.

శ్రోత: పనిలో పనిగా సిలిండర్ చుట్టూ ఉండే రెక్కలు, ఆ ఫిన్స్‌కి కూడా...

నిపుణుడు: వద్దు. వేడి బయటికి పోవాల్సిన చోట దుప్పటి కప్పినట్టే. ఎర్త్ వైరు తగిలే చోట కూడా పౌడర్ పడకూడదు, టేపు వేయించండి.

యాంకర్: రంగు సంగతి కూడా చెప్పేయండి సార్, మిగతా కాల్స్ వెయిటింగ్‌లో ఉన్నాయి.

నిపుణుడు: ఏ రంగైనా పర్లేదు, ఈ పనిలో చల్లదనానికి తేడా రాదు. నలుపైతే ఆయిల్ మరక కనబడదని చాలామంది సెమీ గ్లాస్, అంటే సగం మెరుపుండే నలుపు కోరతారు. నన్నడిగితే లేత బూడిద రంగే. ఆయిల్ లీకైతే మరుసటిరోజే కనబడాలి!