యుద్ధం నుంచి వచ్చినవాడి చేతిలో భగవద్గీత పెట్టకండి

నమస్కారం. శీర్షిక చూడగానే మీలో సగం మందికి కోపం వచ్చి ఉంటుంది. రానివ్వండి. ఆ మాట నేను వెనక్కి తీసుకోను. యుద్ధానికి వెళ్లేవాడికి గీత చెప్పండి, తప్పకుండా చెప్పండి. యుద్ధం చేసి ఇంటికి వచ్చినవాడికి మాత్రం చెప్పకండి. అతనికి కావలసినది అదే భారతంలో వేరే చోట ఉంది. మనం ఆ పేజీ దాకా వెళ్లడమే మానేశాం.

గొడవ మీకు తెలిసిందే, కాబట్టి నాలుగు మాటల్లో ముగిస్తాను. మా కోనసీమలో ఒక ఊరు. అక్కడ రిటైరైన హవల్దారు ఒకాయన. ఊరంతా ఆయనను మిలిటరీ బాబాయి అని పిలుస్తుంది. 1987లో శ్రీలంకకు వెళ్లిన మన శాంతి పరిరక్షక దళంలో ఆయన ఒకరు. మొన్న మహాలయ పక్షంలో గోదావరి రేవుకు వెళ్లి తండ్రికి, తాతకు తర్పణాలు వదిలారు. వదిలాక, "ఇంకొకరికి కూడా వదలాలండి పంతులుగారూ" అన్నారు. ఎవరికి? శ్రీలంకలో తమిళులుండే జాఫ్నాలో ఒక రాత్రి తన తుపాకికి పోయిన కుర్రాడికి. పేరు తెలియదు, గోత్రం తెలియదు. పంతులుగారు కుదరదన్నారు. పక్కన నిలబడిన ఎవరో ఫోనులో తీశారు. సాయంత్రానికి ఊళ్లో రెండు పక్షాలు తయారయ్యాయి. శత్రువుకు తర్పణమా, ఇది సైన్యానికి అవమానం కాదా అని ఒక పక్షం. ముసలాయనకు మతి చెడింది, వదిలేయండి అని ఇంకో పక్షం. చివరికి ఊరి పెద్దలు సన్మానం పెట్టి, శాలువా కప్పి, చేతిలో గీత పెట్టి, "నువ్వు నిమిత్తమాత్రుడివి బాబాయీ, నీ తప్పేమీ లేదు" అని ఇంటికి పంపించారు.

ఆ చివరి మాట దగ్గరే నా కడుపు మండింది.

నేను వెళ్లి ఆయనను కలిశాను. చెప్పమన్నంత వరకే చెబుతున్నాను. తాటితోపు పక్కన కాపలా. చీకట్లో ఒక ఆకారం పరుగెత్తింది. ఆగమన్నారు, ఆగలేదు. కాల్చారు. తెల్లవారాక చూస్తే పదిహేనేళ్లు కూడా నిండని పిల్లవాడు, చేతిలో సైకిలు పంపు. అధికారి వచ్చి, నీ డ్యూటీ నువ్వు చేశావు అన్నారు. కాగితం మీద అంతా సక్రమంగానే ఉంది. ఆనాటి నుంచి ఈనాటి వరకు బాబాయి తాటిముంజ నోట్లో పెట్టలేదు. గోదావరి జిల్లాల్లో పుట్టి, ఎండాకాలం ముంజలబండి ఇంటి ముందుకు వస్తే లేచి పెరట్లోకి వెళ్లిపోయే మనిషి. భార్యకు కూడా కారణం తెలియదు. "ఎవరి ఉసురో తగిలిందిలే" అని ఆవిడ అనుకుంటూ ఉండేదట. ఎవరి ఉసురో ఆయనకు తెలుసు.

ఉసురు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వైద్యులు దీన్ని నైతిక గాయం అంటారు. అమెరికాలో జోనథన్ షే అనే మనోవైద్యుడు వియత్నాం నుంచి వచ్చిన సైనికులకు వైద్యం చేస్తూ 1990లలో ఈ మాటను ముందుకు తెచ్చారు. పై అధికారం ధర్మం తప్పినప్పుడు కింద ఉన్న సైనికుడికి తగిలే దెబ్బ అని ఆయన అన్నారు. 2009లో బ్రెట్ లిట్జ్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు దాన్ని ఇంకా విస్తరించారు. తాను నమ్మిన ధర్మానికి విరుద్ధమైనది తానే చేసినా, ఆపలేకపోయినా, కళ్లారా చూసినా ఈ గాయం తగులుతుందన్నారు. ఇది భయం వల్ల వచ్చే జబ్బు కాదు. బాంబు శబ్దానికి ఉలిక్కిపడటం వేరు. అద్దంలో తన ముఖం తాను చూసుకోలేకపోవడం వేరు. మొదటిదానికి 1980లోనే వైద్యగ్రంథాల్లో పేరు పెట్టారు. రెండోదానికి పేరు పెట్టడానికి వాళ్లకు ఇంకా ఏళ్లు పట్టింది. మా అమ్మమ్మకు చెబితే అర నిమిషంలో పేరు పెట్టేది.

ఇప్పుడు భారతంలోకి రండి. గీత ఎప్పుడు చెప్పారు? యుద్ధం మొదలయ్యే ముందు. వినేవాడు ఇంకా ఒక్క బాణమూ వదలలేదు. మరి యుద్ధం అయ్యాక ఏం జరిగింది? ఇక్కడ నా ప్రాణం లేచి వస్తుంది. అశ్వమేధ పర్వంలో అర్జునుడు కృష్ణుణ్ణి అడుగుతాడు: ఆ రోజు నువ్వు చెప్పినదంతా మరిచిపోయాను, మళ్లీ చెప్పవా అని. కృష్ణుడు ఏమన్నాడో తెలుసా? మళ్లీ అలా చెప్పడం నాకు సాధ్యం కాదు అన్నాడు! సాక్షాత్తూ గీత చెప్పినవాడే యుద్ధం తరవాత గీత మళ్లీ చెప్పలేనన్నాడు. ఇంకో బోధ చేశాడు, దాన్ని అనుగీత అంటారు. దేవుడే చెప్పలేనన్నదాన్ని మీరు శాలువాతో పాటు చేతిలో పెట్టి పంపిస్తారా?

ధర్మరాజు సంగతి చూడండి. గెలిచాడు, సింహాసనం ఎదురుగా ఉంది. ఎక్కనన్నాడు. అడవికి పోతానన్నాడు. చంపించింది తన అన్న కర్ణుణ్ణి అని యుద్ధం అయ్యాక తెలిసింది. గురువు ద్రోణుణ్ణి ఆయుధం కింద పెట్టించడానికి తాను స్వయంగా అబద్ధమాడాడు. అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా అని, ఏనుగు అని గొణిగాడు. అంతవరకు నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన అతని రథం ఆ క్షణాన నేలకు దిగిపోయింది. నైతిక గాయం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి వాక్యం ఏ వైద్యగ్రంథంలో ఉంది చెప్పండి? రథం విరగలేదు. గుర్రాలు పడిపోలేదు. నాలుగు వేళ్లు దిగింది, అంతే. బయటివాళ్లకు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు.

అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారు? మన ఊరి పెద్దలు చేసిందే. అర్జునుడు మందలించాడు. భీముడు కోప్పడ్డాడు. ద్రౌపది నిష్ఠూరమాడింది. క్షత్రియ ధర్మం, నీ తప్పు లేదు, రాజ్యం ఏలుకో. ఆ వాదనలతో అతని దుఃఖం తీరలేదు. శాంతి పర్వం తెరిస్తే ఈ వాదనలు పేజీల కొద్దీ ఉంటాయి. చివరికి కృష్ణుడు అతన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్లాడు? అంపశయ్య మీద ఉన్న భీష్ముడి దగ్గరికి. ఒంటి నిండా ధర్మరాజు పక్షం బాణాలే దిగిన మనిషి దగ్గరికి! ధర్మరాజు సిగ్గుతో ఎదుటికి రాలేకపోయాడు. భీష్ముడే దగ్గరికి పిలిచి, అతని తల మూర్కొని, అడుగు నాయనా అన్నాడు. అక్కడ మొదలైన మాటలు పద్దెనిమిది పర్వాల్లోకెల్లా పెద్ద పర్వాన్ని నింపాయి. యుద్ధం పద్దెనిమిది రోజులు. దాని తరవాతి మాటలే ఒక పెద్ద గ్రంథం.

దెబ్బ తగిలినవాడి నోటి నుంచి రావలసిన మాట, దెబ్బ కొట్టినవాడి బంధువుల నోటి నుంచి వస్తే పనిచేయదు. ఇదే నా సిద్ధాంతం. ఈ వీడియో అంతా దీని కోసమే. బాబాయికి, నీ తప్పు లేదు అని చెప్పే హక్కు మీకు లేదు, నాకు లేదు. ఉన్నవాడు ఒక్కడే, ఆ సైకిలు పంపు పిల్లవాడు.

లిట్జ్ బృందం రూపొందించిన చికిత్సలో ఏం చేయిస్తారో విన్నారా? సైనికుణ్ణి కూర్చోబెట్టి, చనిపోయినవాడితోనో, తాను గౌరవించే దయగల పెద్దమనిషితోనో మనసులో మాట్లాడిస్తారు. జరిగినది దాచకుండా వాళ్లకు చెప్పాలి. వాళ్లు ఏమంటారో కూడా తన నోటితోనే పలకాలి. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రుల్లో వైద్యుడితో పాటు మతగురువులు కూడా పనిచేస్తారు. నాకు అది చదివితే అంపశయ్య గుర్తొచ్చింది. మన దగ్గర అదే పని దర్భ, నువ్వులు, నీళ్లతో రేవులో జరుగుతుంది. దాన్ని పట్టుకుని దేశద్రోహం అన్నారు!

శత్రువుకు తర్పణం శాస్త్రంలో లేదన్నవారికి ఇప్పుడు సమాధానం. మాఘ శుద్ధ అష్టమి ఏ రోజు? భీష్మాష్టమి. ఆ రోజు తండ్రి బతికున్నవాళ్లు సైతం భీష్ముడికి తర్పణం వదులుతారు. భీష్ముడు ఎవరి సేనాపతి? కౌరవుల సేనాపతి. రోజుకు పదివేల మందిని చంపుతానని మాట ఇచ్చి మరీ పాండవుల మీద యుద్ధం చేసినవాడు. మూడు రోజుల తరవాత అంతర్వేదిలో లక్షలమంది చూసే నరసింహస్వామి రథోత్సవం భీష్మ ఏకాదశి నాడే. ఇంకా చూడండి. స్త్రీ పర్వంలో ధర్మరాజు, ఇరుపక్షాల్లో దిక్కులేకుండా పడి ఉన్నవాళ్లకు కూడా దహనాలు జరిపించమని విదురుడికి, సంజయుడికి, ధౌమ్యుడికి చెప్పాడు. ఒక్కరు కూడా అనాథగా పోకూడదన్నాడు. గోత్రం తెలియదా? తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పడం పురోహితులకు తెలిసిన ఆచారమే. తల్లి, తండ్రి, బంధువు అని చెప్పుకునేవారు ఎవరూ లేనివాళ్లంతా ఈ నీళ్లతో తృప్తి పొందాలని తర్పణం చివర ఒక శ్లోకం ఉంటుంది. ఆ శ్లోకం జాఫ్నా దగ్గర ఆగిపోతుందా?

అసలు మన గోదావరి వాళ్లకు ఈ సందేహం ఎలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకు మనం ఏం చేశాం? మనల్ని ఏలిన పరాయి ప్రభుత్వపు సైనిక ఇంజనీరు ఆయన. కుర్రతనంలో బర్మా యుద్ధంలో పోరాడి వచ్చిన మనిషి. ఆయనను భగీరథుడని స్తుతిస్తూ శ్లోకం కట్టి, స్నాన సంకల్పంలో చదివిన పండితులు ఈ గట్టు మీదివాళ్లే. పుష్కరాల్లో ఆయనకు పిండం పెట్టినవాళ్లు ఉన్నారు. ఆంగ్లేయుడికి చోటున్న రేవులో ఒక తమిళ పిల్లవాడికి చోటు లేదా?

ఇది హిందువుల సంగతి మాత్రమే అనుకోకండి. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల నుంచి సైన్యంలో చేరిన క్రైస్తవుల పిల్లలు ఎందరో. బైబిల్లో 51వ కీర్తన దావీదుది. తన సైనికుడు ఊరియాను కావాలని యుద్ధంలో ముందు వరుసకు పంపి చంపించిన రాజు ఏడ్చిన ఏడుపు అని దానికి పేరు. యూరప్‌లో 1066లో హేస్టింగ్స్ యుద్ధం జరిగాక గెలిచిన నార్మన్ సైనికులకే అక్కడి బిషప్పులు ప్రాయశ్చిత్తం విధించారు. చంపిన ఒక్కొక్కరికి ఒక్కొక్క ఏడాది చొప్పున! గెలిచినవాళ్లకు. పోపు ఆశీర్వదించిన జెండా పట్టుకుని యుద్ధం చేసినవాళ్లకు. నీ తప్పు లేదని వాళ్లెవరూ అనలేదు. ఏడాది చెయ్యి, అయిపోతుంది అన్నారు. అయిపోతుంది అన్న మాటలో ఎంత దయ ఉందో చూడండి. బాబాయికి మనం ఆ గడువు ఇవ్వలేదు.

ఒక చిన్న పక్కదారి, చెప్పకుండా ఉండలేను. అశోకుడి పదమూడో శిలాశాసనంలో కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారని, లక్షా యాభై వేల మందిని తరలించారని, దానికి తాను కుమిలిపోతున్నానని ఉంటుంది. ఆ శాసనాన్ని ఎక్కడెక్కడో చెక్కించాడు. కళింగలో ధౌలి, జౌగడ కొండల మీద మాత్రం చెక్కించలేదు. అక్కడ వేరే శాసనాలు పెట్టించాడు. చరిత్రకారులు రాజకీయ కారణాలు చెబుతారు. నాకు మాత్రం భీష్ముడి ఎదుటికి రాలేక నిలబడిపోయిన ధర్మరాజే కనిపిస్తాడు.

మన సైన్యంలో ఈ ఏర్పాటు లేదనుకోకండి. పండితుడు, సిక్కుల గ్రంథి, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు, వీళ్లను నాయబ్ సుబేదార్ హోదాలో ధర్మగురువులుగా తీసుకుంటారు. సర్వధర్మ స్థల్ పేరుతో అన్ని మతాలకూ ఒకే కప్పు కింద ప్రార్థనా మందిరాలు కూడా ఉన్నాయి. యూనిఫాం ఉన్నంతకాలం పక్కన గురువు ఉంటాడు. ఇంటికి పంపించే రోజున పెన్షను కాగితం వెంట వస్తుంది, గురువు రాడు. అసలు బాధ మొదలయ్యేది అప్పుడే, ఉద్యోగం హడావుడి ఆగి చేతులు ఖాళీ అయ్యాక. శ్రీలంక నుంచి వచ్చినవాళ్లకైతే ఆ స్వాగతం కూడా సరిగా లేదు. సుమారు 1,200 మందిని పోగొట్టుకుని 1990 మార్చిలో చివరి దళం మద్రాసు రేవులో దిగితే, అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతం చెప్పడానికి వెళ్లలేదు. పై అధికారం మాట తప్పితే తగిలే దెబ్బ అని షే చెప్పినది ఇదే.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపి మిలిటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న ఊరు. అక్కడ తరతరాలుగా ఎన్ని ఇళ్లలో ఎన్ని ముంజలు మిగిలిపోయాయో ఆలోచించండి. అలాంటి ఇంట్లో మీరు ఉంటే, ఎంతమందిని చంపావు తాతయ్యా అని పిల్లలతో అడిగించకండి. అర్ధరాత్రి ఆయన లేచి కూర్చుంటే పక్కన కూర్చోండి. చెప్పడం మొదలుపెడితే మధ్యలో, నువ్వు వీరుడివి అని అడ్డుపడకండి. మందులు వాడుతుంటే ఆపించకండి, చచ్చిపోవాలని ఉందన్న మాట వినిపిస్తే ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మాత్రలు మానేసి పూజ చేయించుకోమనే గురువు కనిపిస్తే ఆ గుమ్మం తొక్కకండి.

2027లో పుష్కరాలు వస్తున్నాయి. ప్రతి ఘాట్‌లోనూ పిండప్రదానానికి పందిళ్లు వేస్తారు. ఒక్క పందిరి, ఒకే ఒక్క పందిరి సైనికులకు కేటాయించండి. పేరు, గోత్రం అడగని పందిరి. ఫోను బయట పెట్టి వెళ్లే పందిరి. నేను అడుగుతున్నది ఇంతే, పుష్కరాలు వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.

బాబాయికి పురోహితుడు దొరికారు. కోటిపల్లి వైపు ఒక పెద్దాయన, ఎనభై ఏళ్లు ఉంటాయి. విషయం చెబితే ఆయన ఒకటే అడిగారు: "పిల్లవాడికి ఏం తినడం ఇష్టమో తెలుసా నాయనా?" తెలియదన్నాం. "అయితే ముంజలు తెప్పించండి" అన్నారు. ముంజల సంగతి నేను ఆయనకు చెప్పలేదు. జాఫ్నా, తాటితోపు అని మాత్రమే చెప్పాను. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు, తరవాత సరేనన్నారు. కాలం కాని కాలంలో ముంజలు ఎక్కడ దొరుకుతాయని వెతుకుతుంటే, ఎండాకాలం దాకా ఆగుదాం, ఇన్నేళ్లు ఆగినవాణ్ణి అన్నారు. ఆ రోజు నేను వాళ్లతో రేవుకు వెళ్తాను. కెమెరా తీసుకెళ్లను.