మూల తిరిగేలోపే చచ్చిపోతున్నారా? ఫోన్‌లో టాప్‌-డౌన్ షూటర్ ఆడే తీరు

[తెరపై: పైనుంచి కనిపించే గదులు. ఒకడు మూల తిరగగానే పడిపోతాడు. అదే క్లిప్ మళ్లీ, నెమ్మదిగా.]

పడిపోయినవాడి తుపాకీ ఎటుందో చూడండి. మనిషి మూల తిరిగాడు, తుపాకీ ఇంకా ఎదుటి గోడకేసే ఉంది. ఎదుటివాడు ముందే గురి పెట్టుకుని కూర్చున్నాడు.

కెమెరా పైన ఉంటుంది కాబట్టి గోడ అవతలి గది మనకు కనిపిస్తుంది. కానీ ఇలాంటి చాలా ఆటల్లో అందులో ఉన్న శత్రువు మన పాత్ర కంట పడితేనే తెర మీదకొస్తాడు. బుల్లెట్ ఎకో అనే ఆటలో అయితే టార్చ్ వెలుగు పడినంత మేరే చూపు. ఆ చూపును తిప్పేది కుడి బొటనవేలు, పాత్రను నడిపేది ఎడమది. కాబట్టి ముందు కుడి వేలు, ఆ తర్వాతే ఎడమ వేలు.

[తెరపై: మూలకు అటొకడు, ఇటొకడు. ఇద్దరి చూపూ గీతలుగా.]

మూల దగ్గర గోడకు అతుక్కుపోకండి. రెండు మూడు అడుగులు ఎడంగా ఉండండి. మూలకు దగ్గరగా ఉన్నవాడి భుజం ముందు బయటపడుతుంది, దూరంగా ఉన్నవాడు దాన్ని ముందు చూస్తాడు. తుపాకీని గోడ అంచుకు గురిపెట్టి, ఎడమ స్టిక్‌ను (తెర మీద వేలితో నెట్టే గుండ్రటి మీట) కొంచెమే నెడుతూ మూల చుట్టూ వంపుగా జరగండి. అడుగడుక్కీ గదిలో సన్నటి ముక్క ఒకటి తెరుచుకుంటుంది. అది ఖాళీ అని తేలాకే ఇంకో అడుగు. స్టిక్ సగం నెడితే నడిచే ఆటల్లో దీనికో లాభం కూడా ఉంది: అడుగుల చప్పుడు తగ్గుతుంది.

గుమ్మంలో మాత్రం ఆగొద్దు. లోపలున్న వాళ్లందరి గురీ అక్కడే ఉంటుంది. ఇద్దరు వెళ్తుంటే మొదటివాడు ఎడమకు తిరిగితే రెండోవాడు కుడికి తిరగాలి. ఇద్దరూ ఒకే మూల చూస్తే రెండో మూల నుంచి తూటా వస్తుంది. ఇది వంటబట్టాలంటే డోర్ కికర్స్ అనే ఆట ఆడండి. అందులో ఆటను ఆపి, ఎవరు ఎటు వెళ్లాలో దారులు గీసుకోవచ్చు.

[తెరపై: సెట్టింగ్స్.]

ఆటలో వీలుంటే ఆటో ఫైర్ ఆపేయండి. శత్రువు అంచున కనిపించగానే అది కాల్చేస్తుంది. దూరంలో ఉన్నవాడికి దెబ్బ తగలదు, మీరెక్కడున్నారో మాత్రం తెలిసిపోతుంది. మొదట్లో చేతికి కష్టంగా ఉంటుంది, నిజమే.

ఎడమ స్టిక్‌ను ఫ్లోటింగ్‌లో పెట్టండి. వేలు ఎక్కడ ఆనితే అక్కడే పుడుతుంది కాబట్టి కంగారులో తప్పిపోదు. గురి స్టిక్‌ను మాత్రం ఒకే చోట, కాస్త పెద్దదిగా పెట్టండి. వేలు మధ్య నుంచి ఎంత దూరం జరిగితే కోణం అంత సన్నగా మారుతుంది. చిన్న స్టిక్‌లో వేలు కాస్త అదిరినా తుపాకీ పక్క గదికి తిరిగిపోతుంది.

ఇక తెర ఆకారం. 20:9 ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటే ఎత్తుకు రెట్టింపు పైన వెడల్పు కనిపిస్తుంది. అంటే పైనుంచి, కిందినుంచి వచ్చేవాడు ఆలస్యంగా తెర మీదకొస్తాడు. పైగా కింది రెండు మూలల్నీ మీ బొటనవేళ్లే కప్పేస్తాయి. అందుకే కాపు కాసేటప్పుడు తెర కిందివైపు గోడ ఉండే చోటు ఎంచుకోండి. కప్పబడిపోయిన మూలల నుంచి ఎవరూ రాలేరు.

గ్రాఫిక్స్ సంగతి క్లుప్తంగా: నీడలు, ఎఫెక్ట్స్ తగ్గించి సెకనుకు 60 ఫ్రేమ్‌లు నిలకడగా వచ్చేలా చూసుకోండి. 60లో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 30కి పడిపోతే 33.3. 90 పెట్టుకుని మధ్యలో ఎగుడుదిగుడయ్యే కంటే కదలని 60 మేలు. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఫోన్ వేడెక్కి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. మొదటి మ్యాచ్ బాగా సాగి మూడోది తడబడుతోందంటే ముందు అనుమానించాల్సింది ఇదే. కవర్ తీసేయండి.

అడుగుల చప్పుడు మీద ఆధారపడే ఆటలకు వైరు ఇయర్‌ఫోన్లే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, ఆపాటికి వాడు గుమ్మం దాటేసి ఉంటాడు.

[తెరపై: ట్రైనింగ్ మ్యాప్, ఒకే ఒక్క మూల.]

ఈరోజు మ్యాచ్‌లోకి వెళ్లేముందు ట్రైనింగ్‌లో ఒకే మూలను ఇరవైసార్లు తిరగండి, పది ఎడమ నుంచి, పది కుడి నుంచి. స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకుని, తుపాకీ కంటే ముందు కాళ్లు కదిలినవి ఎన్నో లెక్కపెట్టండి.