మేడమీది జాలీ వెనుక: పరవూరు యూదుల మ్యూజియం

సభకు నమస్కారం.

కేరళలోని ఉత్తర పరవూరులో, పూర్వం యూదులు వ్యాపారం చేసుకున్న వీధి చివర ఉన్న వారి ప్రార్థనాలయం నేడు కేరళ యూదుల జీవన విధానాన్ని చూపే మ్యూజియంగా నిలిచి ఉంది. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను.

మలబారు తీరానికి యూదులు కొత్తవారు కారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు పల్లకీ, గొడుగు, పగటి దివిటీ వంటి మర్యాదలతో సహా 72 హక్కులు ప్రసాదిస్తూ రాగిరేకుల మీద శాసనం రాయించాడు. పరవూరుకు దగ్గరలోనే ఉన్న చేందమంగళంలో, 1269 నాటి హిబ్రూ సమాధి రాయి మీద సారా అనే స్త్రీ పేరు నేటికీ చదువుకోవచ్చు.

17వ శతాబ్ది తొలినాళ్ళలో కట్టిన పరవూరు ఆలయంలోకి వీధి నుంచి ఒక్కసారిగా అడుగుపెట్టలేము. మలయాళీల ఇళ్ళకు ఉన్నట్టే ముందు పడిప్పుర అనే వాకిలి కట్టడం, తరువాత వరుస స్తంభాల నడవ, ఆ పైన ముఖమంటపం దాటితే గాని ప్రార్థన మందిరం రాదు. మందిరం నడుమ ధర్మగ్రంథం చదివే వేదిక ఒకటి ఉండగా, మేడమీద రెండవది ఉంటుంది. ఇది కేరళ యూదుల ప్రత్యేకత. ఆ రెండవ వేదిక వెనుక కొయ్య జాలీ, జాలీ వెనుక స్త్రీలు కూర్చునే చోటు. పండుగనాడు గ్రంథపఠనం వారికి అంత దగ్గరగా వినిపించేదన్నమాట.

వీరిని ఇక్కడినుంచి ఎవరూ తరమలేదు. 1950ల నడుమ అత్యధికులు తమంత తాముగా ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులు ఉండి తీరాలి. ఆ పదిమంది కరువైన చోట ఎంత గొప్ప మందిరమైనా మూతపడక తప్పదు. గ్రంథపు చుట్టలను భద్రపరిచే చెక్కడపు మందసం కూడా ఇజ్రాయెల్ చేరింది. ఈ ప్రాంతపు ప్రాచీన రేవు ముజిరిస్ పేరిట నడిచే వారసత్వ పథకం కింద ఆలయాన్ని పునరుద్ధరించినప్పుడు దాని స్థానంలో నమూనా నిలిపారు. మందసం తిరిగి రానప్పుడు ఆ చోటును ఖాళీగా వదలకపోవడమే మంచిదని నేను భావిస్తాను. అయితే అది నమూనా అని చూడవచ్చిన వారికి స్పష్టంగా తెలియాలి.

నా మనసు మాత్రం మేడమీదనే నిలిచిపోతుంది. ఈ స్త్రీలు పెళ్ళిళ్ళలో, పండుగలలో మలయాళంలో పాటలు పాడేవారు, పురుషుల ఎదుట కూడా నిస్సంకోచంగా పాడేవారు. ఆ పాటలను నోటు పుస్తకాలలో రాసుకొని తల్లులు కూతుళ్ళకు అందించారు. వలస వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాలూ వారి వెంట వెళ్ళాయి. అక్కడ స్థిరపడిన వృద్ధ స్త్రీలు పాడగా రికార్డు చేసిన పాటలను 2004లో జెరూసలేంలోని హిబ్రూ విశ్వవిద్యాలయం వెలువరించింది. ఆ గొంతులు పరవూరు మేడమీద, ఆ జాలీ వెనుకనుంచే వినిపించేలా ఏర్పాటు చేయాలని నా కోరిక.