144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా 60లోనే ఆడుతున్నారా? గేమింగ్ స్క్రీన్లపై ఫోన్-ఇన్

సమర్పకుడు: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్ గేమింగ్ మానిటర్ల మీద. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో హెర్ట్జ్‌లో చెప్పే రిఫ్రెష్ రేటు, ఆ వేగాన్ని గ్రాఫిక్స్ కార్డుకు తగ్గట్టు సర్దే అడాప్టివ్ సింక్ గురించి మీ సందేహాలు అడగండి. జవాబు చెప్పడానికి హార్డ్‌వేర్ నిపుణురాలు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్. హలో, ఎక్కణ్ణుంచి అండి?

దిల్‌సుఖ్‌నగర్ శ్రోత: నమస్తే మేడం. మొన్న సికింద్రాబాద్ సీటీసీల 27 ఇంచుల 144 హెర్ట్జ్ మానిటర్ తీసుకున్న. పాత 60 దానికి, దీనికి నాకైతే ఏం ఫరక్ కనిపిస్తలేదు.

నిపుణురాలు: కంప్యూటర్ ముందే ఉన్నారా?

శ్రోత: ఆ, ముందే కూసున్న.

నిపుణురాలు: డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. కిందికి వస్తే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ రిఫ్రెష్ రేటు ఎంత చూపిస్తోంది?

శ్రోత: 60. కింద ఇంకేం ఆప్షన్ గూడ లేదు మేడం, 144 అసల్కే లేదు.

నిపుణురాలు: కేబినెట్ వెనక చూడండి. కేబుల్ పైన యూఎస్‌బీల పక్కన ఉందా, కింద గ్రాఫిక్స్ కార్డులో ఉందా?

శ్రోత: పైన. యూఎస్‌బీల పక్కనే.

నిపుణురాలు: అక్కడే ఉంది చిక్కు. అది మదర్‌బోర్డు పోర్టు. బొమ్మ ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ గుండా వస్తోంది. పైగా పాత బోర్డుల్లో అక్కడి హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 రకం, 1440పీ రిజల్యూషన్‌లో 144 మోయలేదు. మానిటర్ డబ్బాలో డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఉందేమో చూడండి. దాని మూతికి ఒక మూల కోసినట్టు ఉంటుంది. దాన్ని కింద కార్డులో పెట్టండి. తర్వాత ఎప్పుడు తీసినా పైనున్న చిన్న బొడిపె నొక్కి తీయాలి, ఊరికే లాగితే పోర్టు ఊడొస్తుంది. పెట్టాక అదే పేజీలో 144 మీరే ఎంచుకోవాలి, చాలాసార్లు విండోస్ 60 మీదే ఉండిపోతుంది. మౌస్ బాణాన్ని గుండ్రంగా తిప్పి చూడండి, తేడా ఆటలోకి వెళ్లకముందే తెలిసిపోతుంది.

సమర్పకుడు: 144 అంత బాగుంటే 240 ఇంకెంత బాగుండాలి?

నిపుణురాలు: లెక్క చూద్దాం. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మ తెర మీద 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 144లో 6.9, 240లో 4.2. మొదటి అడుగులో దాదాపు 10 మిల్లీసెకన్లు తగ్గింది, రెండో అడుగులో మూడు కూడా లేదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి పోటీగా ఆడేవాళ్లకు ఆ మూడూ విలువైనవే. కథ ఉన్న ఆటలు నింపాదిగా ఆడేవాళ్లయితే ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం.

సమర్పకుడు: కూకట్‌పల్లి నుంచి ఇంకో కాల్.

కూకట్‌పల్లి శ్రోత: మేడం, నాది 165 హెర్ట్జ్ మానిటర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. పెద్ద గేముల్లో ఎఫ్‌పీఎస్, అంటే కార్డు సెకనుకు ఇచ్చే బొమ్మలు, 70 నుంచి 110 మధ్య ఊగుతుంది. కెమెరా తిప్పితే గోడలు అడ్డంగా తెగినట్టు కనిపిస్తాయి. వీ-సింక్ పెడితే తెగడం ఆగింది గానీ మౌస్ బరువెక్కింది.

నిపుణురాలు: మానిటర్ బొమ్మను పైనుంచి కిందికి వరసగా గీస్తుంది. సగం గీశాక కార్డు కొత్త బొమ్మ ఇచ్చేస్తే పైసగం పాతది, కిందిసగం కొత్తది. ఆ తెగుడు అదే. వీ-సింక్ పెడితే కార్డు మానిటర్ టైం కోసం ఆగాలి. బస్సు ఒక్క నిమిషంలో తప్పినా తర్వాతి బస్సు దాకా స్టాపులో నిలబడాల్సిందే కదా, ఇదీ అంతే. 60 హెర్ట్జ్ తెర మీద 17 మిల్లీసెకన్లు పట్టిన బొమ్మ 33 దాకా కనపడదు. మీ మౌస్ బరువు ఆ నిరీక్షణే. అడాప్టివ్ సింక్‌లో కార్డు బొమ్మ ఇచ్చేదాకా మానిటరే ఆగుతుంది.

శ్రోత: అంటే జీ-సింక్ మానిటర్ కొనాలా?

నిపుణురాలు: అక్కర్లేదు బాబూ. గ్రాఫిక్స్ కంపెనీ ఎన్విడియా 2013లో ఇలాంటి సింక్‌నే జీ-సింక్ పేరుతో తెచ్చినప్పుడు మానిటర్ లోపల వాళ్ల సొంత బోర్డు ఉండాల్సి వచ్చేది. 2014లో అడాప్టివ్ సింక్ డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేరింది, ఇంకో గ్రాఫిక్స్ కంపెనీ ఏఎండీ వాళ్ల ఫ్రీసింక్ దాని మీదే వచ్చింది. 2019 జనవరి నుంచి ఎన్విడియా జీటీఎక్స్ 10 సిరీస్, ఆ తర్వాతి కార్డులు ఫ్రీసింక్ మానిటర్లతో కూడా పనిచేస్తున్నాయి. మీ కార్డుకు ఢోకా లేదు, డిస్‌ప్లేపోర్ట్ వాడండి. ముందు మానిటర్ బటన్లతో మెనూ తెరిచి ఫ్రీసింక్ ఆన్ చేయండి. ఇది చేయకపోతే కంప్యూటర్లో ఆప్షనే కనిపించదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తర్వాత ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్, సెటప్ జీ-సింక్, ఎనేబుల్. మీ మానిటర్ పేరు కింద ఇంకో టిక్కు ఉంటే అదీ పెట్టి అప్లై నొక్కండి.

శ్రోత: వీ-సింక్ తీసెయ్యాలా మేడం?

నిపుణురాలు: ఆట మెనూలో తీసేయండి, కంట్రోల్ ప్యానెల్ త్రీడీ సెట్టింగ్స్‌లో ఆన్ ఉంచండి. వింతగా ఉన్నా కారణం ఉంది. ఒక్కో బొమ్మ సమయం హఠాత్తుగా మారినప్పుడు తెర అడుగున వచ్చే చిన్న తెగుడును అదే ఆపుతుంది. అక్కడే మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 162 పెట్టండి. 165 తాకితే సింక్ పరిధి దాటి మళ్లీ వీ-సింక్ నిరీక్షణలో పడతారు. ఆటలో రిఫ్లెక్స్ అని ఆలస్యం తగ్గించే ఎన్విడియా సెట్టింగ్ ఉంటే అదే ఎఫ్‌పీఎస్‌ను 157 దగ్గర కట్టేస్తుంది, భయపడొద్దు.

సమర్పకుడు: మలక్‌పేట నుంచి కాల్.

మలక్‌పేట శ్రోత: మేడం, నాది కర్వ్‌డ్ మానిటర్, వీఏ రకం ప్యానెల్. ఫ్రీసింక్ పెట్టిన కాడి నుంచి చీకటి సీన్లల్ల, లోడింగ్ స్క్రీన్ల మీద వెలుతురు కొట్టుకుంటది. షాపాయన మార్చియ్య అంటుండు.

నిపుణురాలు: డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు కూడా కొట్టుకుంటుందా?

శ్రోత: లేదు. గేముల్నే.

నిపుణురాలు: అయితే ప్యానెల్ చెడిపోలేదు. వీఏ, ఓఎల్ఈడీ తెరల్లో రిఫ్రెష్ మారితే ముదురు రంగుల వెలుతురు కొంచెం మారుతుంది. లోడింగ్‌లో ఎఫ్‌పీఎస్ 20కి పడి 140కి ఎగురుతుంది కాబట్టి అక్కడ కంటికి కొడుతుంది. ఆట కనీసంగా ఎంత ఎఫ్‌పీఎస్ ఇస్తోందో చూసి దానికి కాస్త పైన గరిష్ఠాన్ని కట్టేయండి. 85కి తగ్గకపోతే 90. అప్పటికీ ఉంటే ఆ ఒక్క ఆటకు సింక్ తీసేయండి. ఫ్రీసింక్ ఆపినా, డెస్క్‌టాప్ మీదా కొట్టుకుంటే మాత్రం కేబుల్ మార్చి చూసి వారంటీకి వెళ్లండి. అన్నట్టు మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్, అంటే పిక్సెళ్లు రంగు మారే వేగం పెంచేది, ఎందులో ఉంది?

శ్రోత: ఎక్స్‌ట్రీమ్.

నిపుణురాలు: మధ్యదానికి తేండి. ఎక్స్‌ట్రీమ్ ఎక్కువ హెర్ట్జ్‌లోనే సరిపోతుంది. 60, 70కి దిగినప్పుడు కదిలే వస్తువుల వెనక తెల్లటి తోకలు వస్తాయి.

సమర్పకుడు: ఉప్పల్ నుంచి మెసేజ్. తక్కువ ధరలో ఫ్రీసింక్ మానిటర్ దొరుకుతోంది, 75 హెర్ట్జ్. తీసుకోవచ్చా?

నిపుణురాలు: ఫ్రీసింక్ అన్న ముద్ర ఒక్కటే చూసి డబ్బు కట్టకండి. స్పెసిఫికేషన్లలో సింక్ ఎన్ని హెర్ట్జ్ నుంచి ఎన్ని దాకా పనిచేస్తుందో ఆ పరిధి వెతకండి. ఇలాంటివాటిలో తరచుగా 48 నుంచి 75 అని ఉంటుంది. చిన్న కార్డు 40 ఎఫ్‌పీఎస్ ఇస్తే పరిధి కిందికి జారుతుంది, సింక్ ఆగిపోతుంది, సరిగ్గా అవసరమైన చోటే. అదే 48 నుంచి 144 ఉన్నదానిలో 40 వచ్చినా ఒక్కో బొమ్మను రెండుసార్లు చూపి 80 హెర్ట్జ్‌లో నడిపిస్తారు. పై అంకె కింది అంకెకు రెండింతలకు మించి ఉంటేనే అది కుదురుతుంది. నేనైతే ఇంకొంచెం డబ్బు పోగేసి 144 తీసుకోమంటాను.

సమర్పకుడు: పీఎస్5 గేమ్ కన్సోల్‌తో ఈ సింక్ వస్తుందా అని మెహిదీపట్నం నుంచి అడుగుతున్నారు.

నిపుణురాలు: పీఎస్5లో ఈ సింక్ హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న తెరలతోనే, 48 నుంచి 120 దాకా. మానిటర్‌కు ఫ్రీసింక్ ఉన్నా పోర్టు 2.0 అయితే రాదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అయితే ఫ్రీసింక్ కూడా తీసుకుంటుంది.

సమర్పకుడు: చివరి కాల్, తార్నాక నుంచి. చెప్పండమ్మా.

తార్నాక శ్రోత: నమస్తే అమ్మా. మా అబ్బాయి 240 హెర్ట్జ్ మానిటర్ కావాలని కూర్చున్నాడు. మనింట్లో వచ్చే కరెంటే 50 హెర్ట్జ్ కదా, అది ఎట్లా నడుస్తుంది?

నిపుణురాలు: మంచి ప్రశ్న అడిగారమ్మా. ఆ రెంటికీ సంబంధం లేదు. మానిటర్ పవర్ సప్లై 50 హెర్ట్జ్ ఏసీని డీసీగా మార్చేస్తుంది. తెర ఎంత వేగంగా మారాలో లోపలి సర్క్యూట్, గ్రాఫిక్స్ కార్డు చూసుకుంటాయి. మీవాడు ఇప్పుడెందుకు అడుగుతున్నాడు?

శ్రోత: ఆట మధ్యలో ఆగి ఆగి వస్తుందంటాడు.

నిపుణురాలు: ఆటల యాప్ స్టీమ్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌పీఎస్ కౌంటర్ పెట్టి ఆ ఆగే క్షణంలో అంకె ఎంతకు పడుతుందో మీకు చూపించమనండి. 110 ఉన్నది ఒక్కసారిగా 25కి పడితే ఏ మానిటరూ దాన్ని సరిచేయదు. కంప్యూటర్లో ర్యామ్ ఎన్ని స్టిక్కులు?

శ్రోత: ఒకటే, 8 జీబీ అన్నాడు.

నిపుణురాలు: అయితే ఆట ఆగడానికి అదే కారణం కావచ్చు, ముందు అదే వేగం, అదే సైజు ఉన్న ఇంకో స్టిక్కు తెప్పించండి. మదర్‌బోర్డు మీద నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ, నాలుగోదీ వాడాలి, పుస్తకంలో చూసుకోమనండి. వారం ఆడాక కూడా కావాలంటే అప్పుడు మానిటర్ చూద్దాం.