ఒక్క పౌండు మెలిక: అమెరికా కొత్త పోస్టల్ ట్రక్కు రివ్యూ

నమస్కారమండీ. ఈ రోజు మన ముందున్నది అమెరికా పోస్టల్ సర్వీసు కోసమే ఓష్‌కోష్ డిఫెన్స్ డిజైన్ చేసిన డెలివరీ ట్రక్కు, ఎన్‌జీడీవీ (నెక్స్ట్ జనరేషన్ డెలివరీ వెహికల్). బాతులా ఉందని ఇంటర్నెట్టంతా నవ్వుకుంది, నవ్వుకోనివ్వండి. మనం చూడాల్సింది డ్రైవర్ డోర్ పక్కన అంటించే సర్టిఫికేషన్ లేబుల్. ఏ రూలు పడుతుంది, ఏది పడదు అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

మన దేశంలో అయితే కొత్త మోడల్ నమూనాని ముందు ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థలో పరీక్ష చేయించి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అమెరికాలో అలా కాదు. అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఏ ట్రక్కునీ ముందుగా ఆమోదించదు. ఫెడరల్ సేఫ్టీ ప్రమాణాలన్నీ పాటించానని తయారీదారే రాసి లేబుల్ అంటిస్తాడు. ఆ తర్వాత ప్రభుత్వం మార్కెట్లో బండి కొని పరీక్ష చేస్తుంది. తప్పు ఉందని కంపెనీకి తేలితే 5 పనిదినాల్లో రిపోర్ట్ ఇచ్చి, రీకాల్ చేయాలి. "ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అప్రూవ్డ్" అని ఎవరైనా అమ్మజూపితే అనుమానించండి.

ఇక అసలు మెలిక. పోస్టల్ సర్వీసు పెట్రోల్ మోడల్‌కి చూపించిన జీవీడబ్ల్యూఆర్, అంటే లోడుతో కలిపి గరిష్ఠ బరువు, 8,501 పౌండ్లు. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో 8,500 దాటితే హెవీ డ్యూటీ, ఉద్గారాల రూల్స్ మారిపోతాయి. ఒక్క పౌండుతో గీత దాటించారని విమర్శలొచ్చాయి. నాకూ అది యాదృచ్ఛికం అనిపించట్లేదు.

సేఫ్టీ వైపు గీతలు వేరు. ట్రక్కులకి ముందు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేసే 208వ ప్రమాణం 8,500 లోపు జీవీడబ్ల్యూఆర్, 5,500 లోపు ఖాళీ బరువు ఉన్నవాటికే. పైగా పోస్టల్ సర్వీసుకి మాత్రమే అమ్మే బళ్లకి అందులో విడిగా మినహాయింపు ఉంది. అంటే చట్టం ప్రకారం ఈ బండికి ఎయిర్‌బ్యాగ్ అక్కర్లేదు. అయినా పెట్టారు. ఈ బండికి నేనిచ్చే మంచి మార్కుల్లో సగం దీనికే, ఎందుకంటే 1987 నుంచి 94 దాకా తయారైన పాత పోస్టల్ బండి గ్రమ్మన్ ఎల్‌ఎల్‌వీలో ఎయిర్‌బ్యాగూ లేదు, ఏసీ కూడా లేదు.

రివర్స్ కెమెరాకి మాత్రం తప్పించుకునే దారి లేదు. 10,000 పౌండ్ల లోపు ట్రక్కులకి 2018 మే 1 నుంచి తప్పనిసరి. బండి వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు మేర కనపడాలి, రివర్స్ వేసిన 2 సెకన్లలో బొమ్మ రావాలి. జారిపోకుండా ఆపే ఈఎస్‌సీకీ ఇదే 10,000 గీత.

సరే, ఓష్‌కోష్ అంతటి కంపెనీ సంగతి పక్కన పెడదాం. వేరేవాళ్ల ఛాసిస్ (బాడీ లేని బండి చట్రం) కొని బాడీ కట్టే చిన్న షాపులు ఎక్కువగా దెబ్బతినేది బరువు దగ్గరే. ఛాసిస్‌తో పాటు ఇన్‌కంప్లీట్ వెహికల్ డాక్యుమెంట్ వస్తుంది. ఏ ప్రమాణం ఏం మార్చకపోతే నిలుస్తుందో అందులో ఉంటుంది. సీటు నాలుగు అంగుళాలు వెనక్కి జరిపారా, సీటు, బెల్టు యాంకర్ల బాధ్యత ఇక మీదే.

ఇప్పుడు లెక్క చూడండి. ఛాసిస్ జీవీడబ్ల్యూఆర్ 14,500. బాడీ కట్టి, ట్యాంకులు నింపి తూచితే 11,900. సీటుకి 150 చొప్పున మూడు సీట్లకి 450. మిగిలింది 2,150. కస్టమర్ 3,000 పౌండ్ల సరుకు మోయాలన్నాడు, 850 తక్కువ. లేబుల్ మీద అంకె పెంచేస్తే పని అయిపోదు. బ్రేకులు, యాక్సిళ్లు (ఇరుసులు), టైర్లు అవే కదా! బాడీ తేలిక చేయాలి, సీటు తీసేయాలి, లేదా పెద్ద ఛాసిస్ తీసుకోవాలి.

మొత్తం బరువు సరిపోయినా యాక్సిల్ దగ్గర తిరగబడుతుంది. వీల్‌బేస్, అంటే ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం, పన్నెండున్నర అడుగులు అనుకోండి. వెనక యాక్సిల్‌కి 5 అడుగుల అవతల సరుకు ఎక్కించి దించే 600 పౌండ్ల లిఫ్ట్‌గేట్ వేలాడదీస్తే, ముందు చక్రాల మీద 240 తగ్గి, వెనక యాక్సిల్ మీద 840 పడుతుంది. 600 పడుతుందనుకునే వాళ్లే ఎక్కువ.

లైట్లు కూడా. వెడల్పు 80 అంగుళాలు, ఆ పైన ఉంటే పైభాగంలో మధ్యన మూడు ఐడెంటిఫికేషన్ ల్యాంపులు, 6 నుంచి 12 అంగుళాల ఎడంతో, ముందు అంబర్, వెనక ఎరుపు. వాటితో పాటు బండి వెడల్పు తెలిపే క్లియరెన్స్ ల్యాంపులు. రోలప్ డోర్ పెట్టేవాళ్లు పైన పట్టీ వదలడం మర్చిపోతారు, తర్వాత లైట్లు ఎక్కడ బిగించాలో తెలీక తలపట్టుకుంటారు.

అక్కడ బిర్యానీ ఫుడ్ ట్రక్ పెడదామనుకునే మనవాళ్లకి ఒక మాట: వాడిన స్టెప్ వ్యాన్ (డెలివరీలకి వాడే పెట్టె లాంటి వ్యాను) కొని షాపులో మార్పిస్తే కొత్త సర్టిఫికేషన్ లేబుల్ అక్కర్లేదు. కానీ ఉన్న సేఫ్టీ పరికరాన్ని పనిచేయకుండా చేసే హక్కు ఆ షాపుకి లేదు. గ్రిల్లు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు బిగించాక బండిని తూకానికి తీసుకెళ్లండి, ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూపించండి.