ఊపిరిలో బరువు కార్బన్

సభకు నమస్కారం.

కడుపులో మంట అంటూ ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు మింగేవాళ్లు మన ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్లలో చాలామంది జీర్ణాశయంలో హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అల్సర్లకు అది కారణమవుతుందని తేల్చినందుకే బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. గొంతులోకి గొట్టం దించకుండానే దాని జాడ తీయవచ్చు. ఊపిరి చాలు.

ఆ బ్యాక్టీరియా యూరియాను విరగ్గొడుతుంది. మన కణాలకు ఆ శక్తి లేదు. అందుకని పరగడుపున ఒక సంచిలో ఊదించి, కార్బన్-13తో, అంటే మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన కార్బన్‌తో చేసిన యూరియా తాగించి, అరగంటకు మరో సంచిలో ఊదిస్తారు. బ్యాక్టీరియా ఉంటే విరిగిన యూరియాలోని కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరిలోకి వస్తుంది, రెండో సంచిలో కార్బన్-13 పెరుగుతుంది. ఇది రేడియోధార్మికం కాదు కాబట్టి పిల్లలకు కూడా చేయవచ్చు.

అసలు కష్టం కొలవడంలో ఉంది. మామూలుగానే పది లక్షల కార్బన్ పరమాణువుల్లో సుమారు 11,000 కార్బన్-13వే. పరీక్ష పాజిటివ్ అనడానికి సాధారణంగా వెయ్యికి నాలుగు వంతుల తేడా చూస్తారు. అంటే 11,000 కాస్తా 11,044 అవ్వాలి. ఆ 44 దొరకాలి!

ఇక్కడ పరారుణ కాంతి అక్కరకొస్తుంది. కార్బన్ డయాక్సైడ్ అణువు స్ప్రింగులా ఊగుతూ ఉంటుంది. మధ్యలో కార్బన్ బరువెక్కితే ఊగే వేగం తగ్గుతుంది. మామూలు అణువు సెంటీమీటరుకు 2,349 తరంగాల దగ్గర కాంతిని పీల్చుకుంటే, కార్బన్-13 ఉన్నది 2,283 దగ్గర పీల్చుకుంటుంది. ఇదే కొలతకు వాడే మరో యంత్రం, అణువులను తూచే మాస్ స్పెక్ట్రోమీటరు, బరువునే చూస్తుంది కాబట్టి, బరువు ఆక్సిజన్-17 ఉన్న అణువూ కార్బన్-13 అణువూ దానికి ఒకేలా 45 బరువుగా కనబడతాయి, లెక్కకట్టి విడదీయాలి. కాంతి వాటిని నేరుగా వేరు చేస్తుంది. పైగా ఈ పరారుణ పరికరం బల్లమీద పడుతుంది, పెద్ద వాక్యూమ్ పంపులు అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రుల్లో ఇది ఉండాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే.

అయితే తేలికైన పని అనుకోకండి. మామూలు అణువులు సుమారు 90 రెట్లు ఎక్కువ. వాటి శోషణ, అంటే కాంతిని పీల్చుకునే ప్రాంతం, అంచులు కార్బన్-13 ప్రాంతంలోకి చొచ్చుకొస్తాయి. ఉష్ణోగ్రత కొద్దిగా మారినా రెండు శోషణల నిష్పత్తి జరిగిపోతుంది. కాబట్టి పరికరంలో గ్యాస్ ఉండే చిన్న అరను ఒకే ఉష్ణోగ్రతలో నిలబెట్టాలి, రెండు సంచుల్లోనూ కార్బన్ డయాక్సైడ్ దాదాపు సమానంగా ఉండాలి.

తిండి ప్రభావం కూడా ఉంటుంది. జొన్న, మొక్కజొన్న మొక్కలు వరి కంటే ఎక్కువ కార్బన్-13ను నిలుపుకుంటాయి. రోజూ జొన్నరొట్టె తినేవారి ఊపిరి అన్నం తినేవారి ఊపిరికంటే కొంచెం బరువు. అందుకే ఎవరి మొదటి సంచి వారికే కొలబద్ద. పరగడుపున రమ్మనడానికి ఇదొక కారణం.

పరీక్షకు వెళ్లేవాళ్లు యాంటీబయాటిక్స్ నాలుగు వారాల ముందు, ఆమ్లం తగ్గించే ఓమెప్రజోల్ లాంటి మాత్రలు రెండు వారాల ముందు ఆపాల్సి ఉంటుంది. లేకపోతే బ్యాక్టీరియా అణిగిపోయి, ఉన్నా లేనట్టే చూపిస్తుంది. ఏవి వాడుతున్నారో డాక్టరుకు ముందే చెప్పండి, ఆయన చెప్పాకే ఆపండి.